రాత్రిని కోరే చేప

దుకాణంలో ఆ చేప కదలదు. పక్క ట్యాంకులో క్లౌన్ చేపలు మనిషి కనబడగానే అద్దం దాకా ఎగబడి వస్తాయి. ఇది మాత్రం ప్లాస్టిక్ పగడం నీడన, నీళ్ల మధ్యలో, ఉన్నచోటే ఆగి ఉంటుంది. ముఖం పసుపు కలిసిన ఆకుపచ్చ. ఒంటి మధ్యలో వెడల్పాటి ముదురు పట్టీ. పట్టీకి వెనక లేత ఒంటి మీద ఎర్రటి చుక్కలు. తలలో సగం తామే అన్నట్టు పెద్ద పెద్ద ఎర్రని కళ్లు. పొడవు మూడంగుళాలకు అటూ ఇటూ. చూడ్డానికి వచ్చినవాళ్లు దుకాణదారును మొదట అడిగే ప్రశ్న ఒకటే: “దీనికి ఒంట్లో బాగాలేదా?”

దానికి ఏ జబ్బూ లేదు. పొద్దు గుంకేదాకా అది దాని విశ్రాంతి సమయం, అంతే.

పేరు పైజామా కార్డినల్. శాస్త్రీయ నామం స్ఫెరామియా నెమటాప్టెరా. డచ్చివారి ఏలుబడిలోని ఈస్టిండీస్‌లో సైనిక వైద్యుడిగా ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే చేపల బజారుకు వెళ్లి కొత్త చేపలను వర్ణించిన పీటర్ బ్లీకర్ 1856లో దీన్ని గ్రంథస్థం చేశాడు. జావా నుంచి పాపువా న్యూగినీ దాకా, ఉత్తరాన జపాన్‌కు చెందిన ర్యూక్యూ దీవులు, దక్షిణాన ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దాకా దీని కాపురం. అలల తాకిడి తక్కువగా ఉండే మడుగుల్లో, కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాల సందుల్లో గుంపుగా ఉంటుంది.

సముద్రపు చేపల ట్యాంకు పెట్టాలనుకునేవారికి మొదట సిఫారసు చేసే చేపల్లో ఇదొకటి. పెద్దగా పెరగదు, ఎవరి జోలికీ పోదు, తిండికి పేచీ పెట్టదు, ఓపికగా చూసుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది. ఈ మంచి గుణాలన్నీ నిజమే. కానీ వాటిని విని కొన్నవాళ్లలో చాలామంది ఒక సంగతి పట్టించుకోరు. నీటిలో ఉప్పు ఎంత, వేడి ఎంత, ఫిల్టర్ ఏది అని పదిసార్లు అడుగుతారు. రాత్రిపూట ట్యాంకు ఎలా ఉండాలని ఒక్కసారీ అడగరు. ఈ చేపకు అన్నిటికంటే ముందు కావలసింది చీకటి రాత్రే.

పొద్దు గుంకిన తర్వాత

కార్డినల్ చేపల కుటుంబం పెద్దది. అపోగోనిడే అనే ఈ కుటుంబంలో 350కి పైగా జాతులున్నాయి. అరచేతిలో పట్టేంత చిన్నవే దాదాపు అన్నీ. నిశాచరులు కూడా దాదాపు అన్నీ. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్ దీవుల్లో వీటి బంధువులు చాలా ఉన్నాయి. పైజామా చేపకు సొంత అక్కచెల్లెలి వరసైన స్ఫెరామియా ఆర్బిక్యులారిస్ అండమాన్‌లో మడ చెట్ల వేళ్ల చుట్టూ, పడవల జెట్టీల కింద కనిపిస్తుంది.

అమెరికా శాస్త్రవేత్త ఎడ్మండ్ హాబ్సన్ హవాయి తీరంలో నీళ్లలోకి దిగి, సాయంసంధ్యలో పగడపు దిబ్బ మీద ఏం జరుగుతుందో గమనించి 1972లో రాశాడు. సూర్యుడు అస్తమించగానే పగటి చేపలు ఒక్కొక్క జాతీ తన వంతుగా కిందికి దిగి సందుల్లో దూరతాయి. ఆ తర్వాత కాసేపు దిబ్బ మీద నీళ్లన్నీ ఖాళీ. పగటి చేపలు లేవు, రాత్రి చేపలు ఇంకా బయటికి రాలేదు. అది వేటగాళ్ల వేళ. మసక వెలుతురులో కింద ఉన్న పెద్ద చేపకు పైనున్న చిన్న చేప ఆకాశం మీద నీడలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గండం గడిచాకే, చీకటి చిక్కబడ్డాకే, రాత్రి జీవులు బయలుదేరతాయి. కార్డినల్ చేప ఆ గుంపులోది. పెద్ద కళ్లు దానికి ఊరికే రాలేదు. చీకట్లో చూపునిచ్చే కణాలతో నిండిన ఆ కళ్లతో నక్షత్రాల వెలుతురులో కూడా రొయ్య పిల్లలను, పురుగుల్లాంటి సన్న జీవులను పట్టుకోగలదు.

రాత్రంతా మేసి తెల్లవారుజామున ఇంటికి చేరుతుంది. ఇల్లంటే ఏదో ఒక పగడం కాదు, నిన్న విడిచి వెళ్లిన పగడమే. ఆస్ట్రేలియాలోని వన్ ట్రీ ద్వీపం దగ్గర మైకేల్ మార్నేన్ కార్డినల్ చేపలకు గుర్తులు పెట్టి, రెండు కిలోమీటర్ల దూరం దాకా తీసుకెళ్లి వదిలాడు. వాటిలో చాలా చేపలు తిరిగి తమ చోటికే వచ్చేశాయి. చిటికెన వేలంత చేపకు రెండు కిలోమీటర్లంటే మాటలా! పుట్టిన దిబ్బ నీళ్ల వాసనను గుర్తుపట్టే శక్తి కార్డినల్ పిల్లలకు ఉందని అదే ద్వీపంలో గాబ్రియెలె గెర్లాక్ బృందం చేసిన పరిశోధన 2007లో తేల్చింది. స్టీఫెన్ సింప్సన్ బృందం లిజర్డ్ ద్వీపం దగ్గర నీటి అడుగున లౌడ్‌స్పీకర్లు పెట్టి దిబ్బల చప్పుళ్లు వినిపిస్తే, సముద్రంలో కొట్టుకుపోతున్న కార్డినల్ పిల్లలు ఆ చప్పుడు వైపే ఈదుకుంటూ వచ్చాయి. ఆ పరిశోధన 2005లో వెలువడింది. రొయ్యల చిటపటలు, చేపల కొరుకుళ్లు కలిసిన ఆ రొదే వాటికి ఊరి దారి చూపించింది.

ఈ కుటుంబంలో మన తీరానికి దగ్గరగా వచ్చే కథ ఇంకొకటి ఉంది. సిఫామియా అనే బుల్లి కార్డినల్ పగలంతా సీ అర్చిన్ అనే ముళ్ల జీవి ముళ్ల మధ్య దాక్కుంటుంది. రాత్రి బయటికి వస్తే దాని పొట్ట కింద లేత వెలుగు. ఆ వెలుగు చేపది కాదు, దాని ఒంట్లో చిన్న తిత్తిలో కాపురముండే ఒక బ్యాక్టీరియాది. ఆ బ్యాక్టీరియా పేరు ఫొటోబ్యాక్టీరియం మండపమెన్సిస్. రామేశ్వరం దారిలో పాంబన్ వంతెనకు ఇవతల ఉన్న మండపం ఊరి పేరే దానికి పెట్టారు. రామేశ్వర యాత్రకు వెళ్లిన తెలుగువాళ్లెందరో రైలు కిటికీలోంచి చూసిన ఊరు అది.

నాన్న నోట్లో పిల్లలు

నోట్లో పిల్లలను మోసే చేప తెలుగు నేలకు కొత్త కాదు. చెరువుల్లో జిలేబీ అని పిలిచే మొజాంబిక్ తిలాపియా తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. కార్డినల్ కుటుంబంలో ఆ పని తండ్రిది.

జోడీ కుదిరాక ఆడది గుడ్ల ముద్దను వదలగానే మగది దాన్ని నోట్లోకి తీసుకుంటుంది. ఆ క్షణం నుంచి దానికి ఉపవాసం. దవడ కింద ఉబ్బి ఉంటుంది. అప్పుడప్పుడు నోరు కొద్దిగా తెరిచి గుడ్ల ముద్దను అటూ ఇటూ తిప్పుతుంది, నీరు తగిలి గుడ్లకు ఊపిరాడాలి కదా. ఎదురుగా ఎంత మంచి తిండి వేసినా ముట్టదు. ఇంట్లో పెంచేవాళ్లు మొదటిసారి ఇది చూసి భయపడి, మందుల కోసం పరుగెత్తిన సందర్భాలు కోకొల్లలు. చేయవలసిందల్లా దాన్ని కదిలించకుండా వదిలేయడం. వల పెట్టి పట్టబోతే భయంతో గుడ్లను ఉమ్మేస్తుంది, లేదా మింగేస్తుంది. ఏ గడబిడా లేకపోయినా కొన్ని తండ్రి చేపలు గుడ్లను మింగేస్తాయి. జపాన్ సముద్రతీరంలో కార్డినల్ చేపలను గమనించిన పరిశోధకులు దీన్ని వివరంగా నమోదు చేశారు. పదేపదే ఉపవాసాలు చేయాల్సిన తండ్రికి అది ఒంట్లో సత్తువ మిగుల్చుకునే దారి.

పైజామా కార్డినల్ గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి. బయటికి వచ్చే పిల్లలు కంటికి ఆనవు. సముద్రంలో అవి ప్రవాహంలో తేలుతూ వారాలు గడిపి దిబ్బకు చేరతాయి. ఇంటి ట్యాంకులో వాటిని పెంచడం కష్టం, మొదటి రోజుల్లో రోటిఫర్ల వంటి సూక్ష్మజీవులే వాటికి తిండి. ఇదే కుటుంబంలోని బ్యాంగై కార్డినల్ సంగతి వేరు. దాని తండ్రి సుమారు మూడు వారాలు గుడ్లను మోసి, పొదిగాక కూడా మరో వారం పది రోజులు పిల్లలను నోట్లోనే ఉంచుకుంటుంది. బయటికి వచ్చేసరికి ఒక్కో పిల్ల గురిగింజంత ఉండి, అచ్చం పెద్ద చేపలా కనిపిస్తుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి రొయ్యలను మొదటి రోజునుంచే తింటుంది. మామూలు ఇళ్లలో కూడా బ్యాంగై పిల్లలు పెరిగి పెద్దవి కావడానికి కారణం ఇదే. ప్లాస్టిక్ ముళ్లతో చేసిన ఉత్తుత్తి సీ అర్చిన్‌ను ట్యాంకులో పెడితే, పిల్లలు ఆ ముళ్ల మధ్యలోకి దూరి తండ్రి నుంచీ మిగతా చేపల నుంచీ తప్పించుకుంటాయి.

ఉప్పు, వేడి, కరెంటు

సముద్రపు ట్యాంకు అనగానే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇదేదో పరాయి విద్య అనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదు. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంట ఉన్న రొయ్యల హేచరీల్లో, చెరువుల గట్ల మీద, ఈ విద్యలో సగం రోజూ నడుస్తూనే ఉంది. సెలినిటీ చూడటం, పీహెచ్ చూడటం, అమ్మోనియా పెరిగితే కంగారుపడటం, ఏరియేటర్ ఆగితే నిద్ర మానుకోవడం గోదావరి జిల్లాల రొయ్యల రైతుకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వచ్చే ఆర్టీమియా గుడ్లను ఉప్పునీళ్లలో వేసి, గాలి బాగా కొట్టి, ఒక రోజులో పొదిగించే పనిలో మన హేచరీ టెక్నీషియన్లది అందెవేసిన చెయ్యి. బ్యాంగై కార్డినల్ పిల్లలకు కావలసింది ఆ ఆర్టీమియానే.

ఐదు పైజామా చేపల గుంపుకు 150 లీటర్ల ట్యాంకు ఉంటే ఇబ్బంది లేదు. ఒంటరిగా పెంచితే ఇవి బెదురుతాయి, గుంపులో నిబ్బరంగా ఉంటాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. వంట ఉప్పు పనికిరాదు, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటివన్నీ సరైన పాళ్లలో ఉన్న అక్వేరియం ఉప్పే వాడాలి. కలిపే నీళ్లు ఆర్వోవి అయి ఉండాలి. బోరు నీళ్లలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, కరిగిన లవణాలు ఎన్నో ఉంటాయి. విశాఖ బీచ్‌కు డబ్బా పట్టుకెళ్లి నీళ్లు తెచ్చుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఒడ్డున దొరికే నీళ్లలో నగరం వదిలే మురుగు, ఓడల నూనె, రోగక్రిములు కలిసి ఉండవచ్చు. ఉప్పు ప్యాకెట్టుకు పెట్టే ఖర్చు దండగ కాదు.

నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు. అందుకే తగ్గిన మట్టాన్ని మంచినీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వారానికోసారి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క వేసి చూసుకుంటే ఆ పొరపాటు జరగదు.

ట్యాంకు నింపిన వెంటనే చేపను వేయకూడదు. చేపల విసర్జనలో, మిగిలిన తిండిలో పుట్టే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపను తేవాలి. ఖాళీ ట్యాంకును నెలకు పైగా చూస్తూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా కూర్చోవాలి. తొందరపడి చేపలు వేసిన ట్యాంకుల్లో మొదటి పదిహేను రోజుల్లోనే చావులు మొదలవుతాయి, ఆ తర్వాత ఆ ట్యాంకు అటకెక్కుతుంది.

మన వాతావరణంలో అసలు చిక్కు వేసవి. ఈ చేపకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో బయట 40 దాటితే, మూసి ఉన్న ఇంట్లో ట్యాంకు నీళ్లు సులువుగా 31, 32 డిగ్రీలకు చేరతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య చేప నలిగిపోతుంది. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. హైదరాబాద్ పొడి గాలిలో ఈ చిట్కా బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. అక్కడ నీళ్లను చల్లబరిచే చిల్లర్ పెట్టక తప్పదు, దాని ఖరీదు చాలా ఇళ్లలో ట్యాంకు ఖరీదును మించుతుంది. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోని వాళ్లు సముద్రపు ట్యాంకు జోలికి పోకుండా ఉండటమే మేలు. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు కూడా ఇంట్లో ఉండాలి. అది చవకే.

సహవాసం విషయంలో ఒక హెచ్చరిక. పైజామా చేప నెమ్మది. డామ్సెల్, ట్రిగ్గర్ వంటి దూకుడు చేపల పక్కన పెడితే తిండి దగ్గర ఎప్పుడూ వెనకే. రెండు మూడు వారాల్లో పొట్ట లోపలికి పోతుంది. గోబీలు, ఒక జత క్లౌన్ చేపలు దీనికి తగిన ఇరుగుపొరుగు. కానీ ఎంత సాధువైనా దీని నోరు పెద్దది, రాత్రి వేటగాడు. వేలు పొడవు కూడా లేని అలంకార రొయ్యలను దీనితో కలిపి పెడితే తెల్లారేసరికి లెక్క తగ్గుతుంది.

కొత్త చేపను నేరుగా పెద్ద ట్యాంకులో వేయకుండా కనీసం నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచి చూడాలి. క్రిప్టోకారియన్ అనే తెల్లమచ్చల జబ్బు సముద్రపు చేపలకు పెద్ద శత్రువు. ఒక్కసారి ట్యాంకులోకి వచ్చిందంటే అన్ని చేపలనూ బయటికి తీసి, ట్యాంకును వారాల తరబడి ఖాళీగా ఉంచితే తప్ప పోదు.

దీపం ఆర్పే వేళ

ఇప్పుడు అసలు సంగతి. సగటు ఇంట్లో అక్వేరియం ఉండేది హాల్లో. సాయంత్రం ఆరింటికి ట్యూబులైట్ వెలుగుతుంది, టీవీ నడుస్తుంది. ట్యాంకు లైటు కూడా అప్పుడే వేస్తారు, ఇంటికి వచ్చినవాళ్లు చూడాలి కదా. పదకొండింటికి అందరూ పడుకున్నా, హాల్లో జీరో వాట్ బల్బు రాత్రంతా వెలుగుతుంది. దేవుడి మందిరం ఎదురుగా ఉంటే దాని దీపం కూడా. కిటికీలోంచి వీధి దీపం. చేపకు పగలు ఎప్పుడు మొదలైందో, రాత్రి ఎప్పుడు వచ్చిందో తెలిసే వీలే లేదు.

చేపల మెదడు పైభాగంలో పీనియల్ గ్రంథి ఉంటుంది. పుర్రె గుండా పడే వెలుతురును అది నేరుగా పసిగడుతుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోను పెరుగుతుంది, రాత్రయిందన్న కబురు చేప ఒంటికి అందించేది అదే. రాత్రి కొద్దిపాటి వెలుతురు ఉన్నా మెలటోనిన్ తగ్గుతుందని చేపల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. ఎమిలీ ఫోబర్ట్ బృందం క్లౌన్ చేపల మీద చేసిన ప్రయోగం 2019లో అచ్చయింది. రాత్రిపూట కృత్రిమ దీపం కింద ఉంచిన గుడ్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా పొదగలేదు. మామూలు చీకటిలో ఉంచినవి చక్కగా పొదిగాయి. పగలు తిరిగే క్లౌన్ చేపకే రాత్రి అంత అవసరమైతే, రాత్రి మీదనే బతుకు కట్టుకున్న కార్డినల్ సంగతి చెప్పేదేముంది?

దీనికి చేయవలసింది కష్టమైనదేమీ కాదు. ట్యాంకు లైటుకు టైమర్ పెట్టాలి. రోజుకు ఎనిమిది నుంచి పది గంటల వెలుతురు చాలు, అదీ ప్రతిరోజూ ఒకే వేళకు. దిబ్బ మీద చీకటి ఒక్కసారిగా పడదు కాబట్టి లైటు మెల్లగా తగ్గేలా అమర్చితే ఇంకా మంచిది. లైటు ఉన్నట్టుండి ఆరిపోతే చేపలు బెదిరి గాజుకు కొట్టుకుంటాయి. హాల్లో వెలుతురు తప్పదనుకుంటే ట్యాంకును లోపలి గదికి మార్చాలి, లేదా రాత్రి ముందువైపున మందపాటి బట్ట వేయాలి. చీకట్లో వాటి తిరుగుడు చూడాలనిపిస్తే మసక ఎర్రని లైటు వాడవచ్చు, చాలా చేపల కళ్లకు ఎరుపు అంతగా ఆనదు. అదీ కాసేపే.

తిండి పెట్టే వేళ కూడా మార్చుకోవాలి. లైటు తగ్గుతున్నప్పుడు గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలనో, పెరిగిన ఆర్టీమియానో కరిగించి వేస్తే, అప్పటిదాకా నిశ్చలంగా ఉన్న గుంపు చెల్లాచెదురై ట్యాంకంతా తిరుగుతూ ఒక్కొక్క గింజనూ గుటుక్కున పట్టుకుంటుంది. దుకాణంలో జబ్బుచేపలా కనిపించింది ఇదేనా అనిపిస్తుంది. కొన్నాళ్లకు ఇవి పగటి తిండికీ అలవాటు పడతాయి. అయినా సాయంత్రం పూటను మానకూడదు.

బ్యాంగై నేర్పిన పాఠం

చేపను ఎక్కడినుంచి తెచ్చారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. బ్యాంగై కార్డినల్ చరిత్ర తెలిస్తే ఆ ప్రశ్న అడగకుండా ఎవరూ ఉండలేరు.

వెండి ఒంటి మీద నల్లని చారలు, తెల్లని చుక్కలు, పొడవాటి రెక్కలతో ఈ చేప చూడముచ్చటగా ఉంటుంది. కుటుంబంలో మిగతావాటిలా కాక పగలే ఎక్కువ తిరుగుతుంది. స్వీడన్‌కు చెందిన వాల్టర్ కౌడర్న్ 1920లో ఇండొనేసియాలో సులవేసి పక్కనున్న బ్యాంగై దీవుల్లో దీన్ని సేకరించాడు. 1933లో కౌమన్స్ దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు లోకం దీన్ని మర్చిపోయింది. 1994లో జెరాల్డ్ అలెన్ ఆ దీవులకు వెళ్లి మళ్లీ చూసి రాయడంతో అక్వేరియం వ్యాపారం కన్ను దీని మీద పడింది. పదేళ్లు తిరక్కముందే ఏటా ఏడు నుంచి తొమ్మిది లక్షల చేపలను పడుతున్నారని అలెహాంద్రో వగేలి అంచనా వేశాడు.

ఆ దోపిడీని తట్టుకునే శక్తి ఈ చేపకు లేదు. గుడ్లు కొద్దిగానే పెడుతుంది. పిల్లలు తండ్రి నోట్లోంచి దిగి అక్కడే స్థిరపడతాయి, ప్రవాహంలో మరో దీవికి పోవు. ఒక చోట ఉన్నవన్నీ పట్టేస్తే అక్కడికి కొత్తవి వచ్చే దారి లేదు. దానికి తోడు, అవి తలదాచుకునే సీ అర్చిన్‌లను, సీ ఎనిమోన్‌లను కూడా మనుషులు ఏరుకుపోతున్నారు. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. 2016లో అమెరికా తన చట్టం కింద ముప్పున్న జాతిగా ప్రకటించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనలు 2007లోనూ 2016లోనూ వచ్చి, రెండుసార్లూ వెనక్కి పోయాయి.

దీనికి మరో ముఖం ఉంది. వ్యాపారులు రవాణా మధ్యలో వదిలేసిన బ్యాంగై చేపలు, సులవేసి ఉత్తర కొసన ఉన్న లెంబె జలసంధిలో, బాలిలోని గిలిమానుక్ ఖాతంలో పాగా వేశాయి. సొంత ఊళ్లో కరువైన చేప పరాయి చోట బయటి ప్రాణిగా మారింది. మన చెరువుల్లో అక్వేరియంల నుంచి తప్పించుకుని పెరిగిపోయిన దెయ్యం చేప, అంటే సక్కర్ క్యాట్‌ఫిష్, ఎంత నష్టం చేస్తోందో ఆక్వా రైతులకు తెలుసు. పెంచలేకపోతే చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, తెలిసినవాళ్లకు ఇవ్వాలి. ఏ నీళ్లలోనూ వదలకూడదు.

బ్యాంగైని ట్యాంకుల్లోనే పుట్టించడం కుదురుతుంది. తమిళనాడు తీరంలోని పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం పరిశోధకులు ఆ పని చేసి చూపించారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపంలోనూ విళింజంలోనూ క్లౌన్ చేపలు, డామ్సెల్ చేపల పిల్లలను తీసే పద్ధతులను రూపొందించింది. అదే సంస్థ విశాఖ కేంద్రంలో పండుగప్ప వరుసలో బజారుకెక్కగల ఇండియన్ పాంపనో, గ్రూపర్ వంటి తిండి చేపలకు గుడ్లు పెట్టించి పిల్లలు తీస్తున్నారు. వందల రొయ్యల హేచరీలున్న ఆంధ్ర తీరంలో అలంకార సముద్ర చేపల హేచరీలు కూడా అంతగా వెలవకపోవడానికి చేతకానితనం కారణం కాదు. ఉప్పునీళ్లు ఉన్నాయి, ఆర్టీమియా, రోటిఫర్లు పెంచే చేతులున్నాయి, విమానాశ్రయాలున్నాయి. ఇప్పటికీ తెలుగు నగరాల దుకాణాలకు ఎక్కువ సరుకు చెన్నైలోని కొళత్తూరు బజారు మీదుగా వస్తుంటే, ఆ అవకాశాన్ని మనం చేజేతులా వదులుకుంటున్నట్టే.

ట్యాంకులోకి నిజమైన పగడాలు తేవాలన్న కోరికను మాత్రం అదుపులో పెట్టుకోవాలి. 2001 నుంచి మన సముద్రాల్లోని రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. అవి తీయడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం నేరం. విదేశాల నుంచి వచ్చే రాతి పగడాలు సైటిస్ జాబితాలోవి. అలాంటి ప్రాణులు ఇంట్లో ఉన్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. పైజామా కార్డినల్‌కు వీటిలో ఏదీ అక్కర్లేదు. దానికి కావలసింది దూరి నిలబడటానికి కొమ్మల్లాంటి సందులు. రెజిన్‌తో చేసిన పగడం ఉన్నా, పేర్చిన సిరామిక్ రాళ్లు ఉన్నా దానికి సమ్మతమే.

సముద్రంలో పట్టిన చేపకూ ట్యాంకులో పుట్టిన చేపకూ చూపులో పెద్ద తేడా ఉండదు, నిలకడలో ఉంటుంది. సోడియం సయనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పట్టే దుర్మార్గం ఫిలిప్పీన్స్ సముద్రాల్లో 1960ల్లో మొదలై, తర్వాత ఇండొనేసియాకూ పాకింది. అలా పట్టిన చేప దుకాణం దాకా బాగానే వచ్చి, ఇంటికి తెచ్చిన కొన్ని వారాలకు కారణం తెలియకుండా చనిపోవచ్చు. ట్యాంకులో పుట్టినది మనిషికి, గాజుకు, తయారుచేసిన తిండికి చిన్నప్పటి నుంచే అలవాటు పడి ఉంటుంది.

కాబట్టి కొనబోయేవారికి రెండు మాటలు. దుకాణంలో ధర అడిగే ముందు, ఆ చేప హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అని అడగండి. జవాబు సరిగా రాకపోతే డబ్బు తీయకండి, హేచరీ చేపకు ఆర్డరిచ్చి ఆగండి. అది ఇంటికి వచ్చేలోపు లైటుకు టైమర్ కొనండి. రాత్రి పదింటికల్లా ఆ గదిలో దీపాలన్నీ ఆర్పడం మీ ఇంట్లో కుదరదనుకుంటే, ఈ చేపను కొనవద్దు.